మైకు రాకముందు కట్టిన హాలు

తడలోనో సూళ్ళూరుపేటలోనో చెన్నై లోకల్ ఎక్కినవాళ్ళు చివరకు దిగేది సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్లో. తడ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. స్టేషన్ బయటికొచ్చి పూందమల్లి హైరోడ్డు మీద నాలుగడుగులు వేస్తే, తెల్లటి రిప్పన్ బిల్డింగుకు ఇవతల ఎర్ర ఇటుకల కట్టడం ఒకటి కనిపిస్తుంది. అదే విక్టోరియా పబ్లిక్ హాలు. పాతతరం దాన్ని టౌన్ హాలు అనేది. ఆసుపత్రులకు పోయేవాళ్ళు, పార్క్ టౌన్లో సరుకు కొనే వ్యాపారులు, ఉద్యోగాలకు పోయేవాళ్ళు రోజూ వేలమంది మన వైపు నుంచి దాని ముందుగా నడిచిపోతుంటారు. దాని పునాదిరాయి వేసింది విజయనగరం ప్రభువు పూసపాటి ఆనందగజపతి అనీ, దక్షిణాదిలో ఔత్సాహిక నాటకానికి ఊపిరి పోసిన తెలుగువాళ్ళ కథ దాని చుట్టూ అల్లుకుని ఉందనీ తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. చెన్నై కార్పొరేషన్ ఈ హాలు పునరుద్ధరణ పనులను 2023లో చేతికెత్తుకున్నప్పటి నుంచి దాని గోడల గురించి, కిటికీల గురించి, పైకప్పు గురించి చాలా రాశారు. దాని లోపల వినబడిన ధ్వని గురించి రాసింది తక్కువ. నిజానికి ఆ హాలు విలువ ముఖ్యంగా ఆ ధ్వనిలోనే ఉంది. గోడలు నిలబెట్టి లోపల గొంతు వినబడకుండా చేస్తే కాపాడింది సగమే. ప్రత్యక్ష సంగీతానికి వేదికగా నడిపినప్పుడే ఆ హాలు బతికినట్టు. అందులో తెలుగు పద్యానికీ పాటకూ చోటు అడగడం మన హక్కు.

కట్టిన కాలాన్ని చూస్తే విషయం తేటపడుతుంది. 1883 డిసెంబర్ 17న పునాది పడింది. నమూనా గీసింది రాబర్ట్ ఫెలోస్ చిషోమ్, కట్టింది ఆనాటి మద్రాసులో పేరుమోసిన కాంట్రాక్టరు నంపెరుమాళ్ చెట్టి. 1888 నాటికి హాలు జనానికి అందుబాటులోకి వచ్చింది, ఆ ఏడాదే విక్టోరియా రాణి పేరు పెట్టారు. కింది అంతస్తులో ఆరువందల పైచిలుకు, పై అంతస్తులో ఆరువందల పైచిలుకు మంది కూర్చోవచ్చు, కొయ్య గ్యాలరీలో ఇంకో రెండువందల మంది పడతారు. మైకు, లౌడ్ స్పీకరు అప్పటికి లేవు. మన సభల్లోకి అవి విరివిగా వచ్చింది 1930ల తర్వాతే. అంటే యాభై ఏళ్ళపాటు ఆ హాల్లో నిలబడి మాట్లాడినవారూ పాడినవారూ తమ గొంతును, ఆ గదిని మాత్రమే నమ్ముకున్నారు. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు అమెరికా నుంచి తిరిగొచ్చి మద్రాసులో చేసిన ఉపన్యాసాల్లో ఒకటి ఇక్కడే జరిగింది. దానికి కొద్ది వారాల ముందు, 1896 చివరలో, మద్రాసు జనం మొదటిసారి తెరమీద కదిలే బొమ్మలు చూసిందీ ఇక్కడే. అవి మూగబొమ్మలు. కాబట్టి అప్పటికింకా ఆ హాల్లో చెవికి అందేదంతా మనుషుల గొంతూ వాద్యాలే.

నాటకాల సంగతికి వస్తే, 1891లో బళ్ళారి నుంచి సరస వినోదినీ సభ మద్రాసు వచ్చింది. దాన్ని నడిపింది ధర్మవరం రామకృష్ణమాచార్యులు. వృత్తి వకీలు, ప్రవృత్తి నాటకం. తెలుగులో తొలి విషాదాంత నాటకాల్లో చెప్పుకునే విషాద సారంగధర ఆయనదే. చదువుకున్న పెద్దమనుషులు, వకీళ్ళు, ఉద్యోగులు రంగస్థలం ఎక్కి పద్యాలు, పాటలు పాడటం చూసి పమ్మల్ సంబంధ ముదలియార్ అనే తమిళ యువకుడు చలించిపోయాడు. అదే ఏడాది జులై 1న సుగుణ విలాస సభ పుట్టింది. తమిళ నాటకరంగ చరిత్ర రాసేవారు ఎవరైనా ఆ తేదీ దగ్గర ఆగాల్సిందే. ఆ సభకు చాలాకాలం ఇల్లుగా ఉన్నది విక్టోరియా హాలే. అక్కడ తమిళంతోపాటు తెలుగు నాటకాలూ ఆడారు. బళ్ళారి రాఘవ లాంటి నటుడు ఆ సభతో కలిసి నడిచాడు. ఒక తెలుగు బృందం వెలిగించిన దీపం తమిళుల ఇంట వెలిగితే, ఆ ఇంటికి పునాదిరాయి వేసినవాడు మరో తెలుగువాడు. చెన్నైలో తెలుగువారి వాటా గురించి మనం సాధారణంగా 1953 రాష్ట్ర విభజన నాటి కోపతాపాలతో మాట్లాడతాం. ఆస్తుల పంపకంలో రాని ఇలాంటి వాటాల గురించి మాట్లాడటం అంతకంటే మేలు.

ఇదంతా నాటకం కదా, సంగీత వేదిక అని ఎలా అంటారని అడగవచ్చు. తెలుగు పద్యనాటకం ఎలా నడిచిందో తెలిసినవారికి ఆ సందేహం రాదు. తెర పక్కన హార్మోనియం, తబలా. నటుడు వేషంతో వచ్చి శ్రుతి అందుకుంటాడు. పద్యం నాలుగు పాదాలే. దాన్ని మోహనలోనో కానడలోనో ఎత్తుకుని, చివరి పాదం దగ్గర రాగం తీసి, పై షడ్జమం మీద నిలిపి వదిలితే హాలు లేచి వన్స్ మోర్ అంటుంది. చచ్చిపడిన పాత్ర మళ్ళీ లేచి పద్యం పాడిన సందర్భాలున్నాయంటే జనం దేనికోసం టిక్కెట్టు కొన్నారో అర్థమవుతుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్య హరిశ్చంద్ర రంగస్థలాన్ని దశాబ్దాలు ఏలింది కథ కోసం కాదు, కథ అందరికీ తెలిసిందే. ఎవరు ఎలా పాడతారో వినడానికి జనం వచ్చారు. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య, బండారు రామారావు లాంటివారిని ఊళ్ళకు ఊళ్ళు గొంతుతో గుర్తుపెట్టుకున్నాయి. గ్రామఫోను రికార్డులు అమ్ముడుపోయింది ఆ పద్యాలతోనే. చిత్తూరు నాగయ్యనే తీసుకోండి. చిత్తూరులో రామవిలాస సభ నాటకాల్లో పాడి, ఆడి, ఆ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. 1938లో గృహలక్ష్మితో సినిమాకు వెళ్ళి, ఆ తర్వాత పోతనగా, 1946లో త్యాగయ్యగా కనిపించాడు. వాగ్గేయకారుడి పాత్ర అంటే ముందు ఆయన పేరు గుర్తుకు రావడానికి కారణం రంగస్థలం నేర్పిన గానం. కాబట్టి ఆనాటి నాటకశాల మనకు నాటకశాల, కచేరీ హాలు రెండూ. తమిళ బ్రాహ్మణ సభల కచేరీ సంప్రదాయంతో పోల్చి మన సంగీత వేదికలు తక్కువని చాలామంది అనుకుంటారు. మన కచేరీ నాటకంలో కలిసి ఉంది, అంతే తేడా.

ఈ వాదనకు ఎదురుగా నిలబడేవారిలో పెద్దవాడు బళ్ళారి రాఘవ. రాగాలాపనతో నటన చచ్చిపోతోందని, పద్యం భావం చెప్పాలిగానీ గొంతు చూపించుకోవడానికి కాదని ఆయన పట్టుదల. ఆయన మాటలో నిజముంది. అర్థం మింగేసే రాగం చెడ్డ సంగీతం కూడా. కానీ రాఘవ కోరింది నిశ్శబ్దాన్ని కాదు, ప్రతి అక్షరం చివరి వరసకు చేరడాన్ని. దానికి కూడా కావలసింది చక్కగా వినిపించే గదే. పాడే పద్యానికీ పలికే పద్యానికీ ఆ హాలు అవసరం ఒక్కటే. గదిలో లోపముంటే రాఘవ శ్రమా వృథా, కపిలవాయి గానమూ వృథా.

చక్కగా వినిపించే గది అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పునరుద్ధరణలో ఎక్కువగా చెడేది ఇక్కడే. బయలులో పాడేవాడికి దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. వీధినాటకంలో నటులు అంత ఎత్తు శ్రుతిలో పాడటానికి, ముఖవీణ లాంటి ఘాటైన వాద్యం పక్కన ఉండటానికి కారణం ఇదే. గదిలో అయితే గోడలు, కప్పు ఆ ధ్వనిని వెనక్కి పంపుతాయి. నేరుగా వచ్చిన గొంతు వెంట సెకనులో ఇరవయ్యో వంతు లోపల తిరిగొచ్చిన ధ్వనిని చెవి వేరుగా వినదు, అదే గొంతు బలపడినట్టు వింటుంది. సెకనుకు 340 మీటర్ల వేగం లెక్కన అది 17 మీటర్ల దారి. అందుకే మరీ వెడల్పు లేని పాత హాళ్ళలో మైకు లేకుండానే గొంతు నిండుగా ఉంటుంది. ఆ తర్వాత గదిలో ధ్వని ఎంతసేపు మోగి ఆగుతుందన్నది రెండో లెక్క. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాలలో ఏ మాటా అర్థం కాకపోతే, 1895లో వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి ఆ పని అప్పగించారు. ఆయన పక్కనున్న థియేటరు నుంచి సీట్ల దిండ్లు రాత్రిళ్ళు మోయించుకొచ్చి, ఒక్కొక్కటీ పెంచుతూ మోత ఎంతసేపట్లో ఆగుతుందో కొలిచాడు. గది ఘనపరిమాణం పెరిగితే మోత సాగుతుంది, ధ్వనిని పీల్చే మెత్తటి వస్తువులు పెరిగితే తగ్గుతుంది. ఆ సూత్రంతో కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరిచారు, ఇప్పటికీ ప్రపంచంలో మేలైన సంగీతశాలల్లో ఒకటి. మాటకు సెకను చుట్టుపక్కల మోత చాలు, పాశ్చాత్య వాద్యబృందానికి రెండు సెకన్లకు దగ్గరగా కావాలి. అక్షరం పోకుండా రాగం నిలవాల్సిన మన పద్యానికీ కీర్తనకూ ఆ రెంటికీ మధ్యనుండే గది సరిపోతుంది. పాత హాల్లో మందపాటి తివాచీలు పరిచి, తప్పుడు కప్పు వేసి, గోడలకు గుడ్డ అంటించి, ఏసీ మోత పెట్టారనుకోండి, బయటినుంచి కట్టడం పాతదే, లోపల మాత్రం సినిమా హాలు. పునరుద్ధరణ ప్రణాళికలో ఇటుకకు, సున్నానికి ఎన్ని పేజీలు ఉంటాయో ధ్వని కొలతకూ అన్ని పేజీలు ఉండాలి.

ఇప్పుడు మైకులున్నాయి కదా, ఈ లెక్కలన్నీ ఎందుకు అనేవారుంటారు. మైకు వద్దని ఎవరూ అనడం లేదు. వీణ లాంటి మెల్లటి వాద్యానికి, పెద్ద జనానికి అది అవసరమే. కానీ మైకు గది లోపాన్ని దాచలేదు, పెంచుతుంది. మోత ఆగని కల్యాణమండపంలో ఎంత ఖరీదైన స్పీకర్లు పెట్టినా మాట కలగాపులగం అవుతుందన్నది అందరికీ అనుభవమే. పైగా మైకుతో పాడటానికే అలవాటుపడిన గాయకులకు గొంతు విసిరే విద్య పోతోంది. ఆ విద్యకు బడి ఒకటి ఉండాలంటే మైకు లేకుండా పాడగలిగే హాలు ఊరికి ఒకటైనా మిగలాలి. రోడ్డు, రైళ్ళ రొద మరో అభ్యంతరం. విక్టోరియా హాలు ముందు రోడ్డు బాగా రద్దీది, పక్కన రైళ్ళు. ఇది నిజమైన ఇబ్బందే. కిటికీలకు రెండో పొర అద్దం, తలుపుల దగ్గర నడవ లాంటి ఏర్పాట్లతో చాలావరకు తగ్గించవచ్చు. వాటికయ్యే ఖర్చు అలంకరణ దీపాలకంటే ముందు లెక్కలోకి రావాలి.

భద్రత సంగతి ఇంకా బరువైనది. కొయ్య గ్యాలరీలు, పాత మెట్లు, ఇరుకు దారులు. జనాన్ని నింపితే ప్రమాదం, నింపకపోతే ఉపయోగం లేదు, కాబట్టి మ్యూజియం చేసి చూపిస్తే సరి అనేది అధికారులకు తేలికైన దారి. హాలు పక్కనే ఉన్న మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది, ఇప్పుడు మన లోకల్ రైళ్ళు ఆగేది ఆ స్థలంలోనే. అంత దగ్గర ఉదాహరణ ఉండగా భయాన్ని కొట్టిపారేయలేం. కానీ అమెరికాలో నాష్విల్ ఊళ్ళో రైమన్ ఆడిటోరియం ఏం చేసిందో చూడండి. 1892లో ప్రార్థనామందిరంగా కట్టిన ఆ హాలు 1943 నుంచి 1974 వరకు గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే పల్లె సంగీత రేడియో కార్యక్రమానికి వేదిక. కార్యక్రమం కొత్త భవనానికి తరలిపోగానే పాతది పాడుబడింది, కూల్చేద్దామనే మాటా వచ్చింది. 1991లో ఎమ్మీలూ హారిస్ అనే గాయని అక్కడ కచేరీలు చేసి రికార్డు చేసింది. గ్యాలరీ బలహీనంగా ఉందని రెండువందల మందికి మించి రానివ్వలేదు. ఆ రికార్డు విన్నవారికి ఆ పాత హాలు పలికే తీరు తెలిసింది, మరమ్మతులకు డబ్బు కదిలింది, 1994లో హాలు మళ్ళీ తెరుచుకుంది. నేడు రెండువేల పైచిలుకు సీట్లతో ఏడాది పొడవునా నడుస్తోంది. అక్కడ భద్రత కోసం హాలును మూసేయలేదు. ఎంతమందికి భద్రమో అంతమందితోనే పాడించారు. మరమ్మతుకు దారి చూపింది ఆ పాటే.

పాత హాలు నడపడానికి డబ్బెక్కడిదనే మాటకు జవాబు ముంబైలో ఉంది. రాయల్ ఒపేరా హౌస్ 1911లో ఐదో జార్జి చక్రవర్తి చేతుల మీదుగా మొదలైంది. మరాఠీ సంగీత నాటకానికి, బాలగంధర్వుడికి, దీనానాథ్ మంగేష్కర్‌కు అది తెలిసిన వేదిక. మన పద్యనాటకానికి ఆ సంగీత నాటకం దగ్గర చుట్టం. సినిమా హాలుగా మారి, నష్టాల్లో పడి, 1993లో మూతపడింది. ఇరవైమూడేళ్ళ తర్వాత, 2016లో, సుమారు 575 సీట్లతో మళ్ళీ తెరిచారు. ఒపేరా, హిందుస్తానీ, నాటకం, హాస్య ప్రదర్శన, అన్నీ పడుతున్నాయి. చిన్న హాలుకు చిన్న కచేరీలే కావాలి, మన దగ్గర చిన్న కచేరీలకే చోటు కరువు. పెద్ద ఆడిటోరియాల అద్దె, కరెంటు, సౌండు ఖర్చులు భరించలేక ఎన్నో పద్యనాటక బృందాలు ఏడాదికి రెండు మూడు ప్రదర్శనలతో సరిపెట్టుకుంటున్నాయి. చెన్నైలోనే విక్టోరియా హాలుకు ఈడైన మ్యూజియం థియేటరు, 1896 నాటిది, ఎగ్మూరులో నాటకాలకు వేదికగా కొనసాగుతూ వచ్చింది. పాత హాలు నడవదనడానికి వీల్లేదు.

జనం వస్తారా అన్నది చివరి ప్రశ్న. దీనికి జవాబు చెన్నైలో వెతకనక్కర్లేదు, చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఉంది. ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఏటా పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జున తపస్సు నాడు వేషధారి పద్యాలు పాడుకుంటూ మాను ఎక్కుతుంటే కింద భారతం మిట్ట నిండిపోతుంది. దుర్యోధన వధ చూడటానికి తెల్లవారకముందే జనం చేరుతారు. టీవీ, ఫోను ఇంటింటా వచ్చాక కూడా గొంతెత్తి పాడే కథ కోసం రాత్రంతా కూర్చునే ప్రేక్షకులు ఇక్కడ ఉన్నారు. ఈ ప్రేక్షకులకు భాష సరిహద్దు కూడా అడ్డం కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయి, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వచ్చినప్పుడు మారింది పాలన. భారతం మాత్రం అటూ ఇటూ అవే పాత్రలతో, ఒకచోట తెలుగులో, ఒకచోట తమిళంలో, కొన్నిచోట్ల రెండూ కలిసి సాగుతూనే ఉంది. తడ అలాంటి చోటే, తెలుగుకు చివరి ఊరు, తమిళానికి మొదటి గడప. ఇక్కడి వీధినాటక బృందం ఒకటి విక్టోరియా హాల్లో ఒక సాయంత్రం ఆడితే, 1891లో బళ్ళారి వాళ్ళు చేసిన పనే మళ్ళీ జరుగుతుంది. బయలు కోసం పుట్టిన కళను గదిలో పెట్టడం తప్పు కాదా అంటే, పల్లెలో భారతం పల్లెలోనే జరగాలి, అది పూజ. హాల్లో ఆడేది దానికి ప్రత్యామ్నాయం కాదు, ఒక పరిచయం. పాట ఎలా పాడుతున్నారో, తాళం ఎలా మారుతోందో దగ్గరగా వినే అవకాశం నగరవాసికి అప్పుడే దొరుకుతుంది.

ఇదంతా ఒక్క చెన్నై హాలుకే చెప్పేది కాదు. నెల్లూరులో రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం ఉంది, చిత్తూరులో నాగయ్య పేరుతోనే కళాక్షేత్రం ఉంది. వాటిలో ఏడాదికి ఎన్ని రోజులు సన్మానాలు, రాజకీయ సమావేశాలు జరుగుతున్నాయో, ఎన్ని రోజులు పద్యం వినబడుతోందో ఆ ఊరి జనమే అడగాలి. నెలకు ఒక శనివారం మైకు లేని కచేరీ, మూడు నెలలకు ఒక పద్యనాటకం, టిక్కెట్టు వంద రూపాయల లోపు, అంతకంటే పెద్ద పథకం అక్కర్లేదు. విక్టోరియా హాలు విషయంలో తిరుపతిలోని సంగీత కళాశాల, చెన్నైలోని తెలుగు సంఘాలు, ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ కలిసి చెన్నై కార్పొరేషన్‌కు ఒక్క ఉత్తరం రాస్తే చాలు: ఏడాదికి కొన్ని సాయంత్రాలు తెలుగు రంగస్థల సంగీతానికి కేటాయించమని, పునాది వేసినవారి భాషకు ఆపాటి చోటు ఇవ్వమని. సాయంత్రం కచేరీ ముగిశాక సూళ్ళూరుపేట లోకల్ అందుకుని ఇంటికి చేరేలా వేళలు పెట్టమని కూడా ఆ ఉత్తరంలో రాయండి.